సూత్రానికి కుదరని డ్రైవర్లు

డ్రైవర్లు రోజూ వెళ్లే దారిని ఎలా నేర్చుకుంటారు, ఎప్పుడు మార్చుకుంటారు అన్న విషయం మీద సాంబమూర్తి చాలా ఏళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఆయనకి డ్రైవింగ్ రాదు. ఈ రెండు సంగతులూ ఒకదాన్నొకటి పలకరించుకోకుండా ఆయన జీవితంలో హాయిగానే కాలక్షేపం చేశాయి, యూనివర్సిటీలో ఆ సమీక్ష సమావేశం జరిగేదాకా.

ఆ రోజు సాంబమూర్తి తెర మీద బాణాలు, గ్రాఫులు చూపించి గంభీరంగా మాట్లాడాడు. కమిటీలోకి కొత్తగా వచ్చిన పెద్దాయన ఒకరు ఓపిగ్గా అంతా విని, కళ్లజోడు తుడుచుకుంటూ అడిగారు.

"చాలా బావుందండీ. మీ ఇల్లు కొత్తపేట దగ్గరే కదా? ఇవాళ మీరు ఏ దారి ఎంచుకున్నారు?"

"మెట్రోలో వచ్చానండీ."

"ఇవాళ సరే. మామూలుగా?"

"మామూలుగా కూడా మెట్రోయేనండీ."

"అంటే కారు వాడరా?"

"కారు లేదండీ."

"పోనీ స్కూటరు?"

"ఉందండీ. మా ఆవిడ నడుపుతుంది."

గదిలో నవ్వు బయల్దేరింది. గైడు భానుమూర్తిగారు అటు నవ్వనూ లేక, ఇటు మానుకోనూ లేక గ్లాసెత్తి మంచినీళ్లు తాగారు. తిరుగు మెట్రోలో సాంబమూర్తి తనతో తాను సుదీర్ఘంగా మాట్లాడుకున్నాడు. వంట రానివాడు వంటల పుస్తకం రాసినా కనీసం తిని చూస్తాడు. తను ఆ పాటి కష్టం కూడా పడలేదు.

నిజానికి ఆయనకి రోడ్డంటే మమకారమే. రేపల్లె దగ్గర పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పే రోజుల్లో, ఆయన క్లాసుగది కిటికీ కింద మెయిన్ రోడ్డు ఉండేది. మెట్రో స్తంభాల కోసం అప్పుడే తవ్వుతున్నారు. బండ్లు కదిలేవి కావు. పిల్లలు లెక్క చేసుకుంటుంటే ఆయన కిటికీ దగ్గర నిలబడి చూసేవాడు. కొందరు విసిగిపోయి పక్క సందులోకి తిప్పేవాళ్లు. మర్నాడు చూస్తే ఆ సందే నిండిపోయి, మెయిన్ రోడ్డు కాస్త ఊపిరి పీల్చుకునేది. ఇందులో ఏదో లెక్క ఉంది అనుకున్నాడు. ఆ అనుకోవడం ఆయన్ని వదల్లేదు. తర్వాత వనస్థలిపురం దాటాక ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఉద్యోగం దొరికింది, పెళ్లయింది, జుట్టు పలచబడింది, అప్పుడు పీహెచ్‌డీలో చేరాడు. బ్యాంకులో పనిచేసే భార్య ఇంద్రాణి మొదట్లో "ఎప్పుడవుతుందండీ?" అని అడిగేది. తర్వాత "అవుతుందాండీ?" అని అడగసాగింది. ఈ మధ్య అడగడం మానేసింది. అన్నిటికంటే ఆ మానెయ్యడమే ఆయనకి ఎక్కువ కష్టంగా ఉండేది.

ఆయన సూత్రం చెప్పడానికి తేలికే. డ్రైవరు మనసులో ఒక్కో దారికి ఒక్కో అంచనా ఉంటుంది, ఇటు వెళ్తే ఇంతసేపు పడుతుందని. సాయంత్రానికి ఆ అంచనా ఎంత తప్పిందో తెలుస్తుంది. దాన్నిబట్టి కొంచెం సరిదిద్దుకుని, మర్నాడు తక్కువ సమయం పట్టే దారి పడతాడు. అలా రోజూ కొంచెం కొంచెం నేర్చుకుంటాడు. ఆ "కొంచెం" ఎంత అన్నదే సాంబమూర్తి పరిశోధన. దానికోసం అపార్ట్‌మెంట్‌లోనూ కాలేజీలోనూ కార్లున్న వాళ్లని బతిమాలి, వెళ్లిన దారిని నమోదు చేసే యాప్ ఒకటి వాళ్ల ఫోన్లలో పెట్టించాడు.

చాలామంది సూత్రానికి దగ్గర్లోనే నడిచారు. కొందరు మాత్రం మొండికేశారు. అందరికంటే మొండివాడు కింది ఫ్లాటు అంతయ్య. నల్లగొండ వైపు నుంచి వచ్చి ఎల్‌బీ నగర్‌లో సిమెంటు వ్యాపారం చేసే మనిషి. మెయిన్ రోడ్డు మీద తిన్నగా పోతే తొందరగా చేరేవాడు. ఆయన మాత్రం ప్రతిరోజూ సరూర్‌నగర్ చెరువు పక్కనుంచి, కర్మన్‌ఘాట్ మీదుగా ఊరంతా తిరిగి వెళ్లేవాడు. వానొచ్చి చెరువు కట్ట దగ్గర నీళ్లు నిలిచినా అదే దారి. ఇలాంటివాళ్ల కోసం సాంబమూర్తి తన ప్రోగ్రాంలో ఒక ఏర్పాటు చేశాడు. అనుభవం నుంచి ఏమీ నేర్చుకోని డ్రైవర్ని అది ఎర్రరంగులో చూపించి, లెక్కలోంచి పక్కన పెట్టేస్తుంది. ఆ జాబితాకి ఆయన ముద్దుగా "కుదరని డ్రైవర్లు" అని పేరు పెట్టుకున్నాడు. అంతయ్య అందులో శాశ్వత సభ్యుడు.

సమీక్ష అయిన వారంలోనే సాంబమూర్తి ఎల్‌బీ నగర్‌లో డ్రైవింగ్ స్కూల్లో చేరాడు. నేర్పే అమ్మాయి పేరు సంతోషి. పేరుకీ ఆమె ముఖానికీ మొదటిరోజే సంబంధం తెగిపోయింది.

"సార్, క్లచ్ తొక్కమన్న. మీరు బ్రేక్ తొక్కిన్రు."

"రెండూ ఒకేలా ఉన్నాయమ్మా."

"ఎట్ల ఒకేలా ఉంటయ్ సార్? ఒకటి ఎడమకాలు, ఒకటి కుడికాలు. మీరు ఏం చెప్తరు కాలేజీల?"

"ట్రాఫిక్ ఇంజనీరింగ్."

సంతోషి కిటికీలోంచి బయటికి చూసింది. ఆ రోజు ఆమె మళ్లీ మాట్లాడలేదు. తన పక్కన కూడా ఒక బ్రేకు ఉంది కాబట్టి మాటలతో పని లేదనుకుందేమో.

ఎట్టకేలకు లైసెన్సు వచ్చింది. ఇంద్రాణి వద్దంటున్నా పాత చిన్నకారు ఒకటి కొన్నాడు. తన ఫోన్లో కూడా యాప్ పెట్టుకుని, తను కూడా ఒక డ్రైవరుగా లెక్కలోకి చేరాడు. పరిశోధకుడే పరిశోధనలో దిగడం గొప్ప విషయమని భానుమూర్తిగారికి ఫోన్ చేసి చెప్పాడు. ఆయన "జాగ్రత్త మూర్తిగారూ" అని మాత్రం అన్నారు.

వాళ్ల కాలనీ సందు మెయిన్ రోడ్డులో కలిసేచోట ఎడమకి తిరిగితే దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట. కాలేజీ మాత్రం కుడివైపు, ఎల్‌బీ నగర్ దాటి. రోడ్డు మధ్యలో డివైడరు ఉంది కాబట్టి ముందు ఎడమకి తిరిగి, కాస్త దూరం వెళ్లి, మెట్రో స్తంభాల మధ్య యూటర్న్ తీసుకుని వెనక్కి రావాలి. మొదటిరోజు సాంబమూర్తి ఆ యూటర్న్ దగ్గర ఇండికేటర్ వేసి ఆగాడు. ఎదురుగా బస్సులు, ఆటోలు, బైకులు ఖాళీ లేకుండా వస్తున్నాయి. వెనక హారన్లు. ఒక ఆటో అతను పక్కనుంచి తల బయటపెట్టి "అంకుల్, ఈడనే కిరాయికి ఉంటవా?" అన్నాడు. సాంబమూర్తి ఇండికేటర్ ఆపేసి, చెమటలు తుడుచుకుని, తిన్నగా ముందుకి పోయాడు. ఆ తిన్నగా పోవడం మలక్‌పేట దాకా సాగింది. అక్కడ కూడా ధైర్యం చాలక ఎడమకి, మళ్లీ ఎడమకి తిరుగుతూ సందుల్లో పడి, ఎక్కడెక్కడో తేలి, కాలేజీకి చేరేసరికి ఆయన క్లాసు అయిపోయి పిల్లలు క్యాంటీన్లో ఉన్నారు.

రెండోరోజు నుంచి ఆయన మెయిన్ రోడ్డు ముఖం చూడలేదు. సరూర్‌నగర్ లోపల్నుంచి సందులు పట్టుకుని వెళ్లేవాడు. అందులో కూడా కుడివైపు మలుపులు ఎక్కడున్నాయో కనుక్కుని వాటిని తప్పించుకోవడానికి ఎడమవైపు మలుపులు మూడేసి తీసుకునేవాడు. ఎత్తు మీద ఆగాల్సిన చోట్లు తప్పించాడు. పెళ్లిళ్ల హాలు ముందు గుర్రబ్బండి నిలబడే చోటు తప్పించాడు. ఇన్ని తప్పించుకోగా మిగిలిన దారి మ్యాప్‌లో చూస్తే ఎవరో జిలేబీ చుట్టినట్టు ఉండేది. ఇంద్రాణి ఒకే ఒక్కసారి ఆ కారెక్కింది. కొంతదూరం పోయాక, "ఈ గుడి ముందునుంచి ఇందాకే వెళ్లామండీ" అంది. ఇంకాస్త దూరం పోయాక "ఇక్కడ ఆపండి, నేను మెట్రోలో పోతాను" అని దిగిపోయింది. అదేమీ కోపంగా అనలేదు. ఆఫీసుకి టైమవుతోందంతే.

నెల గడిచాక ఆయన అందరి వివరాలూ ప్రోగ్రాంలో వేసి, టీ తెచ్చుకుని కూర్చున్నాడు. తెర మీద ఆకుపచ్చ గీతలు వరసగా వచ్చాయి. అట్టడుగున నాలుగైదు ఎర్రగీతలు. చివరి రెంటిలో ఒకటి అంతయ్యది. రెండోది సాంబమూర్తిది. అనుభవం నుంచి ఏమీ నేర్చుకోని డ్రైవరు, లెక్కలోంచి తొలగించడమైనది.

ప్రోగ్రాంలో ఎక్కడో తప్పుందని వెతికాడు. లేదు. తను రాసిన ప్రోగ్రాం తనని కరెక్టుగానే పట్టుకుంది. అన్నేళ్ల పరిశోధనలో అది చేసిన మొదటి స్పష్టమైన పని ఇదే అనిపించి ఆయనకి నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఇంద్రాణి వంటింట్లోంచి తొంగిచూసి, "ఏమైందండీ, అయిపోయిందా?" అంది. చాలా రోజులకి అడిగింది. "లేదు, ఇప్పుడే మొదలైనట్టుంది" అన్నాడు.

తను మూర్ఖుడు కాడని ఆయనకి గట్టి నమ్మకం. తను సమయం ఆదా చేసుకోవాలని బయల్దేరడం లేదు, యూటర్న్ తప్పించుకోవాలని బయల్దేరుతున్నాడు. ఆ లెక్కన చూస్తే రోజురోజుకీ బ్రహ్మాండంగా నేర్చుకుంటున్నాడు. మరి అంతయ్య దేన్ని తప్పించుకుంటున్నట్టు? ఈ ప్రశ్న ఆయన్ని అడగాలని ఇన్నాళ్లూ తనకి ఎందుకు తట్టలేదో సాంబమూర్తికి అర్థం కాలేదు. గ్రాఫులకి నోరుండదు, అంతయ్యకి ఉంది. మరీ ఎక్కువే ఉంది.

అంతయ్య ముందు నసిగాడు. "గాలి మంచిగుంటది సారూ చెర్వు కాడ" అన్నాడు. ఆ చెరువు గాలి సంగతి కాలనీలో అందరికీ తెలుసు కాబట్టి సాంబమూర్తి ఊరుకోలేదు. అప్పుడు అంతయ్య భార్య అండాలమ్మ లోపల్నుంచి అంది.

"గా రోడ్డు మీద మా తమ్ముని దుకాణం ఉన్నది సార్. ఇద్దరికీ మాటల్లేవు. దుకాణం ముంగట పోతే చూడాలె, చూస్తే పలకరియ్యాలె. అందుకే చెర్వు తిరిగి పోతడు."

"గది కాదు..." అన్నాడు అంతయ్య.

"గదే."

అండాలమ్మ తమ్ముడి పేరు బక్కయ్య. కొత్తపేట దగ్గర మెయిన్ రోడ్డు మీద పైపులు, నల్లాల దుకాణం. అంతయ్య ఈ ఫ్లాటు కొన్నప్పుడు నల్లాలన్నీ వేరే దుకాణంలో తెచ్చి బిగించాడట. గృహప్రవేశానికి వచ్చిన బక్కయ్య స్నానాలగదిలోకి వెళ్లి చెయ్యి కడుక్కోబోయి, నల్లా చూసి, కడుక్కోకుండానే వెళ్లిపోయాడట.

"గాని దుకాణంల నాకు నచ్చిన నల్లా లేకుండె సారూ. నేనేం జేయాలె?" అన్నాడు అంతయ్య బాధగా.

సాంబమూర్తి ఆ వారమంతా మిగతా ఎర్రగీతలవాళ్లని కూడా పట్టుకుని అడిగాడు. పై అంతస్తులో ఉండే సింధూర, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అమ్మాయి, కావాలనే జామ్ ఉండే దారి పడుతుందని తేలింది. "ఇంట్లో వంట, ఆఫీసులో మేనేజరు అంకుల్. మధ్యలో ఆ జామే నాది. ఎవరికీ చెప్పకండి, మా ఆయన వేరే దారి చూపిస్తానంటాడు" అంది. మనుషులు నేర్చుకుంటూనే ఉన్నారు. ఏం నేర్చుకుంటున్నారో తను అడగలేదు, అంతే. సాంబమూర్తి ఎర్రగీతలన్నీ మళ్లీ లెక్కలోకి తెచ్చాడు. తప్పించుకోవడం కూడా ఒక గమ్యమే అన్న మాట మీద కొత్త అధ్యాయం మొదలెట్టాడు. అందులో అంతయ్యని, పేరు చెప్పకుండా, ఎన్నటికీ దారి మార్చని డ్రైవరుకి ఉదాహరణగా నిలబెట్టాడు. భానుమూర్తిగారు చదివి, "ఇన్నాళ్లకి మీ థీసిస్‌లో మనుషులు కనబడ్డారండీ" అన్నారు. అది మెచ్చుకోలో కాదో తేల్చుకోడానికి సాంబమూర్తికి రెండు కాఫీలు పట్టింది.

అధ్యాయం పూర్తయిన ఆదివారం ఉదయం అండాలమ్మ తలుపు కొట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సార్, మా తమ్ముడు నిచ్చెన మీదికెల్లి పడ్డడంట. కాలు ఇరిగినట్టున్నదని పక్క దుకాణపాయన ఫోన్ జేసిండు. మా కారు సర్వీసింగ్‌ల ఉన్నది. ఆటోల కాలు చాపనీకి రాదంట. మీరు జర వస్తరా?"

సాంబమూర్తి కారు తాళాలు తీసుకున్నాడు. తీసుకున్నాక గాని ఆ దుకాణం ఎక్కడుందో గుర్తుకు రాలేదు. మెయిన్ రోడ్డు అవతలి వైపు. ముందు ఒక యూటర్న్. బక్కయ్యని ఎక్కించుకున్నాక మలక్‌పేట దవాఖానకి పోవడానికి ఇంకో యూటర్న్. ఒకటి కాదు, రెండు.

కిందికి వచ్చేసరికి అంతయ్య గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "నేనైతే రాను. మీరే పోండ్రి" అన్నాడు. అండాలమ్మ వెళ్లి ముందు సీట్లో కూర్చుంది. కారు కదలబోతుంటే అంతయ్య వెనక తలుపు తీసుకుని ఎక్కాడు. "లేపనీకి మనిషి ఉండాలె గద" అన్నాడు ఎవరూ అడగకుండానే.

యూటర్న్ దగ్గర సాంబమూర్తి ఇండికేటర్ వేశాడు. బస్సు, బైకులు, మళ్లీ బస్సు. ఇండికేటర్ ఆపేసి తిన్నగా పోదామా అనిపించింది. పక్కన అండాలమ్మ మెల్లగా ఏడుస్తోంది. ఆవిడ ముందు ఆ పని చెయ్యడానికి సిగ్గేసింది ఆయనకి. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ట్రాఫిక్ పోలీసులాగా అరచెయ్యి చూపిస్తూ, కళ్లు సగం మూసుకుని తిప్పేశాడు. మధ్యలో కారు ఒకసారి ఆగిపోయింది. ఒక బస్సు కీచుమని ఆగింది. డ్రైవరు అన్న మాటలు వినబడ్డాయి గాని వాటిని గుర్తుపెట్టుకునే తీరిక లేదు. మళ్లీ స్టార్ట్ చేసి, తిరిగేసి, బయటపడ్డాడు. ప్రపంచం ఏమీ తలకిందులు కాలేదు.

పేరుకే బక్కయ్య. దుకాణం మెట్ల మీద కూర్చున్న ఆ భారీ మనిషిని లేపడానికి నలుగురు పట్టారు. అక్కని చూడగానే కళ్లు తుడుచుకున్నాడు. బావని చూడగానే తల పక్కకి తిప్పుకున్నాడు. కాలు చాపాలంటే వెనక సీటంతా కావాలి. చివరికి అంతయ్య ఒక మూలకి ఒదిగి కూర్చున్నాడు, బక్కయ్య కాలు ఆయన ఒళ్లో పెట్టారు. ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. రెండో యూటర్న్ సాంబమూర్తి ఎలా తిప్పాడో ఆయనకే తెలియలేదు. భయపడటానికి కారులో చోటు మిగల్లేదు.

దిల్‌సుఖ్‌నగర్ దాటారు. మూసారాంబాగ్ దగ్గర బండ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. సాంబమూర్తి కూడా ఆగాడు. కాసేపటికి బక్కయ్య మూలిగాడు.

"ఈ దిక్కు ఎందుకొచ్చిన్రు సార్? ఆదివారం గీడ ఇట్లనే ఉంటది. గడ్డిఅన్నారం లోపట్నుంచి రావాలె."

అంతయ్య కిటికీ వైపే చూస్తూ అన్నాడు. "గడ్డిఅన్నారంల రోడ్డు తవ్విన్రు. సలీంనగర్ మీదికెల్లి పోవాలె."

"సలీంనగర్‌ల ఏం దారున్నది బావా? గాడ సందు ఇరుకు."

"ఇరుకైతే ఏంది, కారు చిన్నదే గద."

"చిన్నదైతే ఏం లాభం, నడిపెటోన్ని చూడు. గేరు మార్చినప్పుడల్ల నా కాలు ఎగురుతున్నది."

"నేను పట్టుకున్న గద కాలు. సారూ, జర మెల్లగ తొక్కుండ్రి. మనిషున్నడు లోపల."

"నిన్న మొన్న నేర్చుకున్నడా ఏంది బావా?"

"అవ్. పైంగ ట్రాఫిక్ మీద పెద్ద సదువు సదువుతున్నడు."

బక్కయ్యకి కాలు నొప్పిలోనే నవ్వొచ్చింది. అంతయ్య కూడా నవ్వాడు. అండాలమ్మ వెనక్కి తిరిగి చూసి, మళ్లీ ఏడ్చింది, ఈసారి వేరే రకంగా. సాంబమూర్తి అద్దంలో చూశాడు. బావాబామ్మర్దులు ఒకరి మీదికి ఒకరు వంగి, ఏ సందులోంచి పోతే బాగుండేదో చేతులు ఊపుతూ వాదించుకుంటున్నారు. ఆయనకి కాస్త రోషం వచ్చిన మాట నిజమే. కానీ తనని తిట్టడం ఇద్దరు మనుషులకి అంత పనికొస్తుందంటే అడ్డం రావడం మర్యాద కాదనిపించి, తిన్నగా రోడ్డు చూసుకున్నాడు. బండ్లు కదిలాయి. మళ్లీ ఒకసారి కారు ఆగిపోయింది. వెనకనుంచి ఇద్దరూ ఒకే గొంతుతో "క్లచ్!" అని అరిచారు.

బక్కయ్య కాలుకి కట్టు కట్టారు. ఎముక విరగలేదు, చిట్లిందన్నారు. మంచం మీద ఉన్నన్నాళ్లూ దుకాణం తెరవడం, మూయడం అంతయ్య చూసుకున్నాడు. ఆ తర్వాత కూడా రోజూ ఎల్‌బీ నగర్ పోతూ మెయిన్ రోడ్డు మీద దుకాణం ముందు ఆగి, టీ తాగి పోవడం మొదలెట్టాడు.

యాప్ ఇవన్నీ నమోదు చేసింది. ఆ నెల సాంబమూర్తి ప్రోగ్రాం నడిపిస్తే అంతయ్య గీత ఆకుపచ్చగా వెలిగింది. అనుభవం నుంచి వేగంగా నేర్చుకుంటున్న డ్రైవరు. ఎన్నటికీ దారి మార్చడని ఆయన మీద రాసిన అధ్యాయం అప్పుడే టైపు చేసి, రెండు కాపీలు బైండింగు కూడా అయిపోయి టేబుల్ మీద ఉంది.

"ఇప్పుడెలాగండీ?" అన్నాడు సాంబమూర్తి భానుమూర్తిగారితో ఫోన్లో.

"మార్చడానికి ఇంకో ఏడాది పడుతుందా?"

"పట్టచ్చండీ."

"మీ అంతయ్యగారు ఏడాదిపాటు ఆ బామ్మర్దితో పోట్లాడకుండా ఉంటారని హామీ ఇస్తే మార్చండి. లేకపోతే కింద చిన్న గమనిక రాసి ఇచ్చెయ్యండి."

సాంబమూర్తి గమనిక రాశాడు. ఈ అధ్యాయంలో ప్రస్తావించిన డ్రైవరు, అధ్యాయం పూర్తయ్యాక, కుటుంబ కారణాలవల్ల దారి మార్చుకున్నాడని. చాలాసేపు ఆలోచించి, ఆ మార్పులో పరిశోధకుడి పాత్ర కొంత ఉందని కూడా చేర్చాడు. ఆ పాత్ర ఏమిటో రాయలేదు. అంత చదువుకున్న పరీక్షకుల ముందు క్లచ్ సంగతి ఎందుకని.

థీసిస్ ఇవ్వడానికి యూనివర్సిటీకి బయల్దేరుతుంటే ఇంద్రాణి చీర సవరించుకుంటూ వచ్చింది. బ్యాంకుకి ఆ రోజు సెలవు పెట్టిందట.

"మెట్రోలో పోదామా?" అన్నాడు సాంబమూర్తి.

ఆమె బైండు పుస్తకాల సంచీ అందుకుని, దాని బరువు చూసి, "ఇది మోసుకుని మెట్లెక్కలేనండీ. కారు తియ్యండి. కాకపోతే దారి నేను చెప్తాను, మీరు తిప్పండి" అంది.

సందు చివర ఆయన ఎడమకి ఇండికేటర్ వేశాడు. ఇంద్రాణి సీటు బెల్టు పెట్టుకుని, పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.